తేట పైకి, మడ్డి కిందికి

గాలి ఊదుతున్న తొట్టిలోంచి లీటరు గాజు జాడీ నిండా మురుగు ముంచి, అరగంట కదలకుండా నిలబెడతారు. గోధుమరంగు దూదిపింజలు ఒకదాన్నొకటి పట్టుకుని నెమ్మదిగా దిగుతాయి, పైన తేట మిగులుతుంది. మడ్డి ఎక్కడిదాకా దిగిందో చూసి ఆపరేటరు తొట్టి ఆరోగ్యం చెప్పేస్తాడు. నాడి చూసినట్టే!

పుదుచ్చేరిలో లాస్పేట, దుబ్రాయపేట, కనగన్ ఏరి మురుగుశుద్ధి కేంద్రాలు ఒక్కొక్కటీ రోజుకు 1.7 కోట్ల లీటర్లకు కట్టినవి. మూడింటిదీ ఎస్‌బీఆర్ పద్ధతే: ఒకే తొట్టిని నింపడం, గాలి ఊదడం, తేరనివ్వడం, తేట తీయడం. దీని మూలం 1914 నాటి మాంచెస్టర్‌లో ఉంది. ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు సీసాల్లో మురుగుకి గాలి పట్టించి, తేట వంపేసి, అడుగు మడ్డిని పారబోయకుండా దానిమీదే కొత్త మురుగు పోశారు. పాలకి తోడు పెట్టినట్టు. మొదట్లో వారాలు పట్టిన శుద్ధి గంటల్లోకి వచ్చింది.

ఈ తొట్టిలో నాకు అన్నిటికంటే ముచ్చటేసేది తేట తీసే డికాంటరు. నీటిమట్టంతో పాటే దిగుతూ, కింది మడ్డి కదలకుండా పైపొరను మాత్రమే తీసుకుంటుంది. బియ్యం కడుగునీళ్లు వంచే చేతికి ఆ నిదానం తెలుసు.

చిక్కల్లా ఆ పింజల జిగురుతోనే. మురుగులో వచ్చే సీసం, కాడ్మియం, రాగి, జింకు దాన్ని అంటుకుని దిగిపోతాయి. పింజల్లోని సూక్ష్మజీవి మలినాన్ని తింటుంది, లోహాన్ని ఏం చేసుకుంటుంది? తేట బాగా వచ్చిందంటే లోహంలో చాలా భాగం బురదలో చేరిందనే. ఆ బురదలో నత్రజని, భాస్వరం కూడా ఉన్నాయి కనుక రైతుకి ఆశ. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టుకి కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100, పాదరసం 0.15 దాటకూడదంటుంది. 5 చిన్న అంకెలాగే కనిపిస్తుంది. అదే మోతాదున్న బురద ఎకరానికి పది టన్నులు తోలితే 50 గ్రాముల కాడ్మియం దిగినట్టు. వానకి కొట్టుకుపోయేది కొంచెమే, మిగతాది ఏళ్లతరబడి అక్కడే. నేల ఆమ్లంగా ఉన్నా, మడి ఆరబెట్టినా వరి దాన్ని ఎక్కువ పీలుస్తుంది. జపాన్‌లో జింజూ నది కింది మళ్లలో జరిగిందదే, అక్కడ లోహం గని నుంచి వచ్చింది.

ఒకసారి బురదలో కలిసిన లోహాన్ని విడదీయడం ఖరీదైన పని. అసలు పనితనం పైపు మొదట్లో చూపించాలి. లోహపు పూత వేసే షెడ్డులో కడుగునీటికి సున్నం కలిపి, లోహాన్ని అక్కడే అడుక్కి దించి, తేటను మాత్రం మురుగుకాలవకి వదలడం. అదీ తేట తీయడమే, కాకపోతే చిన్న తొట్టిలో, ఎవరూ చూడని పెరట్లో.