తెగి వచ్చే వాక్యాలు

విండోస్ సీఈతో నడిచే చేతి పరికరానికి జీపీఎస్ రిసీవర్‌ను సీరియల్ పోర్టు ద్వారా, అనగా బిట్లను ఒకదాని వెనుక ఒకటిగా పంపే మార్గం ద్వారా జోడించినప్పుడు, సమాచారం సరిగా రాకపోతే మొదటి నింద కేబుల్ మీద పడడం పరిపాటి. ఆ అనుమానం తీర్చుకోవడం తేలికే: కేబుల్ కొసన, పంపే పిన్నునూ అందుకొనే పిన్నునూ చిన్న తీగతో కలిపి, పంపిన అక్షరాలే తిరిగి వస్తున్నాయో లేదో చూస్తే చాలు. లూప్‌బ్యాక్ అనే ఈ పరీక్ష కేబుల్‌ను నిర్దోషిగా తేల్చగలదు గాని, పంపేదీ అందుకొనేదీ ఒకే పోర్టు కనుక వేగం తప్పుగా అమరి ఉన్నా ఆ సంగతి బయటపెట్టలేదు.

జీపీఎస్ రిసీవర్లు అనుసరించే ఎన్‌ఎమ్‌ఈఏ 0183 ప్రమాణంలో సాధారణ వేగం సెకనుకు 4800 బిట్లు. పోర్టును 9600 వేగంతో తెరిస్తే తెరపై అర్థంలేని గుర్తులు వస్తాయి. తనంతట తానే బయటపడుతుంది కనుక ఇది మంచి లోపమనే చెప్పాలి. పోర్టు పేరు చివర కోలన్ గుర్తు లేకపోతే విండోస్ సీఈలో పోర్టు తెరుచుకోకపోవడమూ ఆ కోవలోనిదే.

అసలు చిక్కు వేరు. రిసీవర్ ఒక్కో పంక్తిగా పంపే ఎన్‌ఎమ్‌ఈఏ వాక్యం డాలరు గుర్తుతో మొదలై, పంక్తి ముగింపు గుర్తులతో సహా 82 అక్షరాలకు మించకుండా ఉంటుంది. ప్రతి అక్షరానికీ ఆరంభ, ముగింపు బిట్లతో కలిపి 10 బిట్లు ఖర్చవుతాయి కనుక, 4800 వేగంలో అంత పొడవైన వాక్యం రావడానికి సుమారు 170 మిల్లీసెకన్లు పడుతుంది. ఈలోగా ప్రోగ్రాము పోర్టును చదివితే దొరికేది వాక్యంలో ఒక ముక్క మాత్రమే. పోర్టుకు తెలిసినది బైట్ల వరుసే గాని వాక్యం కాదు. ఒక్కసారి చదివితే ఒక వాక్యం వస్తుందన్న నమ్మకంతో రాసిన కోడు, పరికరం ఖాళీగా ఉన్నప్పుడు ఒక తీరుగానూ తెరపై పటం గీస్తున్నప్పుడు మరొక తీరుగానూ ప్రవర్తిస్తుంది. చదివే ముందు కాసేపు ఆగే ఆదేశం చేర్చడం అందరికీ తోచే ఉపాయమే, అయితే అది లోపాన్ని అరుదుగా కనిపించేటట్లు చేసి, వెతకడాన్ని మరింత కష్టం చేస్తుంది. వచ్చిన బైట్లను బఫర్‌లో, అనగా తాత్కాలిక నిల్వలో పోగుచేసి, పంక్తి ముగింపు కనిపించిన తరువాతనే వాక్యాన్ని విడదీయడం సరైన పద్ధతి.

చేతి పరికరం బ్యాటరీ ఆదా కోసం నిద్రలోకి జారుకొంటుంది కనుక ఇక్కడ మరొక జాగ్రత్త అవసరం. మేల్కొన్న తరువాత పోర్టును మూసి తిరిగి తెరవడంతో పాటు బఫర్‌నూ ఖాళీ చేయాలి. లేకుంటే నిద్రకు ముందు వచ్చిన సగానికి తరువాత వచ్చిన సగం అతుక్కొని, చూపునకు సక్రమంగా కనిపించే వాక్యం తయారు కావచ్చు. డాలరు, నక్షత్రం గుర్తుల మధ్యనున్న అక్షరాలన్నింటినీ ఎక్స్‌ఆర్ అనే బిట్ల గణనతో కలిపి, నక్షత్రం తరువాత వచ్చే చెక్‌సమ్‌తో, అనగా తప్పులు పట్టే సంఖ్యతో సరిచూసే ప్రోగ్రాము మాత్రం దానిని దాదాపు ఎప్పుడూ పట్టుకొంటుంది.