ఒక పాత్రకు రెండు ఆస్కార్లు

1947 మార్చి 13న లాస్ ఏంజిలస్‌లో జరిగిన అకాడమీ బహుమతుల సభలో హెరాల్డ్ రస్సెల్ అనే మాజీ సైనికుడు ఒకే పాత్రకు రెండు ఆస్కార్లు అందుకున్నాడు. చిత్రం విలియం వైలర్ తీసిన 'ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్' (1946). యుద్ధం ముగిశాక ఇల్లు చేరిన ముగ్గురి కథ అది. ఒక బహుమతి ఉత్తమ సహాయ నటుడిగా వచ్చింది. మరొకటి, తోటి మాజీ సైనికులకు ఆశనూ ధైర్యాన్నీ కలిగించినందుకు ఇచ్చిన గౌరవ బహుమతి. ఈ సంగతిని మనసు కరిగించే ఉదంతంగా చెప్పడం పరిపాటి. నాకు మాత్రం ఆ గౌరవ బహుమతి నటనకు వచ్చినదాన్ని చిన్నబుచ్చిందనిపిస్తుంది.

రస్సెల్ వృత్తి నటుడు కాడు. 1944 జూన్ 6న, నార్మండీ తీరంలో మిత్రసేనలు దిగిన రోజునే, అమెరికాలోని ఒక శిక్షణ శిబిరంలో పేలుడు జరిగి రెండు చేతులూ పోగొట్టుకున్నాడు. వాటి స్థానంలో ఇనుప కొక్కేలు అమర్చారు. సైన్యం ఆయన గురించి తీసిన చిన్న చిత్రాన్ని చూసి వైలర్ ఎంపిక చేసుకున్నాడు. మూలమైన మెకిన్లే కాంటర్ పద్యకథలో హోమర్‌కు చేతులుంటాయి, శరీరమే స్వాధీనంలో ఉండదు. రస్సెల్ కోసం పాత్రనే మార్చారు. కనుక ఆయన నటించిందేముంది, తనలాగే ఉన్నాడు గదా అనే ప్రశ్న రాక మానదు. అకాడమీ పాలకవర్గం కూడా ఆయన ఓట్లలో గెలవడనుకునే గౌరవ బహుమతి సిద్ధం చేసిందని సినిమా చరిత్రకారులు రాస్తారు. ఓటర్లేమో 'నొటోరియస్'లో గొప్పగా చేసిన క్లాడ్ రెయిన్స్‌ను సైతం కాదని రస్సెల్‌నే ఎన్నుకున్నారు.

అది జాలి ఓటా? చిత్రం చూసి చెప్పాలి. హోమర్ నావికుడు; ఓడ మునిగినప్పుడు మంటల్లో చేతులు పోయినవాడు. అది రస్సెల్ కథ కాదు. ఇంటి ముందు విల్మా వచ్చి కౌగిలించుకుంటే చేతులు రెండూ పక్కకు వేలాడేసి బిగుసుకుని నిలబడతాడు. తర్వాత ఒక రాత్రి ఆమెను తన గదికి తీసుకుపోయి, పడుకునే ముందు కొక్కేలు విప్పి చూపిస్తాడు. అవి తీసేశాక తనంతట తాను తలుపైనా తెరవలేడు. ఆ మాటలు చెప్పేటప్పుడు గొంతులో ఏడుపు లేదు, వీరత్వమూ లేదు. ఇంట్లో పని ఎలా జరుగుతుందో వివరిస్తున్నట్టు ఉంటుంది. ఈ నిగ్రహం శిక్షణ పొందిన నటులకే కష్టం.

అకాడమీ చూపులోని లోపం మరోచోట బయటపడింది. చిత్రానికి పోటీలో 7 ఆస్కార్లు వచ్చాయి. ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్‌కు మాత్రం నామినేషన్ కూడా లేదు! బార్ సన్నివేశంలో ముందువైపు హోమర్ కొక్కేలతో పియానో వాయిస్తుంటాడు. దూరాన వెనక ఫ్రెడ్ తన ప్రేమకు ముగింపు పలుకుతూ ఫోన్ చేస్తుంటాడు. రెండూ ఒకే చట్రంలో స్పష్టంగా కనిపిస్తాయి. ఫ్రెంచి విమర్శకుడు బజాన్ ప్రసిద్ధ వ్యాసంలో చర్చించిన సన్నివేశమిది. అక్కడ హోమర్ వైకల్యం ప్రదర్శనవస్తువు కాదు. నలుగురితో పాటు జరిగే జీవితంలో ఒక భాగం. ఆ చూపును ఇచ్చిన ఛాయాగ్రాహకుణ్ణి వదిలేసి, మనిషి ధైర్యానికి వేరే ప్రతిమ ఇచ్చారు.

మన భాషలో దీనికి దగ్గరి ఉదాహరణ సింగీతం శ్రీనివాసరావు 'మయూరి' (1985). ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న నర్తకి సుధాచంద్రన్ తన కథలో తానే నటించింది. జాతీయ బహుమతుల్లో ఆమెకు జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది. ఉత్తమ నటి 'సింధుభైరవి'లో సుహాసిని. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. అయితే 'ప్రత్యేక' అనే మాట నటనకు కట్టిన విలువా, నటనను పక్కన పెట్టే మర్యాదా అన్నది అడగవలసిందే. విద్యార్థులు రెండు చిత్రాలనూ వరసగా చూసి, కొక్కేలు గానీ కృత్రిమపాదం గానీ తెరమీద కనిపించని ఘట్టాల్లో వీరిద్దరి ముఖాలనూ, మాట విరుపునూ గమనించి రాసుకోవచ్చు.