పొయ్యి పొగ

మా అన్న కూతురు రెండేళ్లుగా జపాన్‌లో ఉద్యోగం చేస్తోంది. మొన్న సంక్రాంతికి నెల్లూరొచ్చి, పండగ మూడు రోజులూ నన్ను కూర్చోబెట్టి ఫోన్లో ఫొటోలు చూపించింది. గుళ్లు, కొండదారులు, కాగితం చేసే ఊళ్లు, మంచు పడుతుంటే పొగలు కక్కే నీళ్లలో నెత్తిన తువ్వాలు పెట్టుకుని కూర్చున్న ముసలాళ్లు. "వీటిని ఒన్సెన్ అంటారు చిన్నాయనా, వేడి నీటి బుగ్గలు. మన నెల్లూరులో లేవు గదా" అని జాలిపడింది. మే నెల మధ్యాహ్నం మన మేడమీద ట్యాంకు కుళాయి తిప్పి చూడమ్మా, అదే ఒన్సెన్ అన్నాను.

నా కళ్లు ఆగింది మాత్రం ఇంకో ఫొటో దగ్గర. షిరకావాగో లోయలో ఒగిమాచి అనే ఊరు. నిటారుగా దిగే గడ్డి కప్పుల ఇళ్లు. ఆ కట్టుబడిని గాస్షో అంటారట, అంటే రెండు చేతులు జోడించడం. నిజంగానే కప్పులు నమస్కారం పెడుతున్నట్టే ఉన్నాయి. 1995లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వం కింద చేర్చింది. అంతకు చాలా ముందే, 1971లో, ఊరివాళ్లు తమకు తామే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, కూల్చకూడదు.

ఆ కప్పుకి మేకులుండవు. వాసాల్ని తాళ్లతో, మెత్తటి కొమ్మలతో కట్టేస్తారు. ముప్పై నలభై ఏళ్లకోసారి పాత గడ్డి దించి కొత్తది పరుస్తారు. ఆ రోజు వందమందో అంతకు మించో కలిసి పని చేస్తారు. కూలి లేదు. నా కప్పుకి నువ్వొచ్చావు, నీ కప్పుకి నేనొస్తాను. దాన్ని యుయి అంటారని అమ్మాయి చెప్పింది.

మేం దాన్ని బదులు అనేవాళ్లం.

అల్లూరు దాటి సముద్రం వైపు పోతే మా ఊరు. మాది తాటాకిల్లు. మధ్యలో నిట్టాడి, దాని మీద దూలం, అక్కణ్ణించి చూరు దాకా వాసాలు. రెండు మూడేళ్లకోసారి ఎండలు ముదరకముందే కప్పు మార్చేవాళ్లు. ఆకు కొట్టి, ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన బండలు పెడితే కొన్నాళ్లకి చదునవుతుంది. కప్పే రోజు తెల్లారకముందే పదిమంది వచ్చేసేవాళ్లు. ఇద్దరు ముగ్గురు వాసాల మీద, మిగతావాళ్లు కింద. చూరు దగ్గర మొదటి వరస, దానిమీద సగం ఎక్కేట్టు రెండోది, అట్లా కొప్పు దాకా. వరస తప్పితే వాన నేరుగా మంచం మీదకే. నార అందించడం పిల్లకాయల పని. నేనూ అందించాను, ఎండిన నార అందించి తిట్లూ తిన్నాను. నారని నీళ్లలో నానబెట్టి ఇవ్వాలి, లేకపోతే ముడి దగ్గర పుటుక్కుమంటుంది.

కూలి లేదు గానీ కూడు మాత్రం ఘనంగా ఉండేది. మా అమ్మ ముందురోజు సాయంత్రమే మట్టి దాకలో చేపల పులుసు పెట్టేది, మామిడికాయ వేసి. పులుసు రాత్రంతా నానితేనే రుచి. అందులో గరిటె పెట్టనిచ్చేది కాదు, ముక్క చిదురవుతుందని. దాకని రెండు చేతులా గుడ్డతో పట్టుకుని మెల్లగా కుదిపేది.

ఇదంతా తలుచుకుని కళ్లు తుడుచుకునే బాపతు కాదు నేను. తాటాకింట్లో పాములుండేవి, తేళ్లుండేవి, ఎండాకాలమంతా నిప్పు భయం ఉండేది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను రాత్రి మా కప్పు సగం లేచిపోయింది. మంచాల కింద దూరి తెల్లారేదాకా కూర్చున్నాం. మరుసటేడు నాయన అప్పు చేసి శ్లాబు వేయించాడు. వేయించకపోతే తప్పు చేసినవాడయ్యేవాడు. కాకపోతే శ్లాబు వేసిన రోజు మా ఇంటికి మేస్త్రీ వచ్చాడు, కూలీలొచ్చారు, సాయంత్రం లెక్క చూసుకుని పోయారు. పక్కింటివాళ్లు వాళ్ల గుమ్మంలో నిలబడి చూశారు. పిలవలేదని వాళ్లేమీ అనుకోలేదు. పిలవాల్సిన పని లేదు మరి.

ఇదే మాట అమ్మాయితో అంటే, ఆమె జపాన్‌లోని ఇసె గుడి సంగతి ఎత్తుకుంది. ఇరవయ్యేళ్లకోసారి ఆ గుడిని పక్కనున్న ఖాళీ జాగాలో సరికొత్తగా కట్టి దేవతని అందులోకి మారుస్తారు. 690లో మొదలైన ఆనవాయితీ, 2013లో జరిగింది అరవై రెండోది, మళ్లీ 2033లో. గుడి పాతదా కొత్తదా అంటే ఏం చెప్తాం? చెక్క కొత్తది, చేతులు పాతవి. ఇరవయ్యేళ్లంటే తండ్రి చేస్తుంటే చూసిన కొడుకు తన వంతుకి తనే చేసేంత కాలం.

"మనకి వెంకటగిరి ఉంది గదమ్మా" అన్నాను.

వెంకటగిరి అంటే అందరికీ చీర. అది నిజమే. గుంట మగ్గం మీద సన్నటి నూలు పడుగులోకి చిన్న చిన్న కండెలతో జాందానీ బుటా ఎక్కిస్తుంటే చూడాల్సిందే, వెలుగోటి రాజుల నాటి నుంచీ వస్తున్న పని అది. ఊరు 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, మా నోట అది ఇంకా నెల్లూరు చీరే. అయితే నేనన్నది చీర గురించి కాదు, పోలేరమ్మ గురించి. వినాయక చవితి వెళ్లాక జాతర. అమ్మవారిని కుమ్మరింట మట్టితో ఒక్క రాత్రిలో చేస్తారు. అది పుట్టిల్లు. అక్కణ్ణించి చాకలింటికి తెస్తారు, అది మెట్టినిల్లు. మర్నాడు జనం విరగబడి దర్శనం చేసుకుంటారు. సాయంత్రానికి విరూపం, అంటే ఆ రూపాన్ని చెరిపేస్తారు. మళ్లీ ఏడాదికి మళ్లీ మట్టి. ఇసె వాళ్లు ఇరవయ్యేళ్లు ఆగుతారు. మా వాళ్లకి అంత ఓపిక లేదు.

పండగ వెళ్లిన రెండో రోజు మా ఊరు చూస్తానంది. చూపించడానికేముంది? మా శ్లాబుకీ పెచ్చులూడుతున్నాయి. సముద్రం దాకా రొయ్యల గుంటలు, నీళ్లు చిలికే ఏరేటర్ల మోత. ఒక గుంట గట్టు మీద కాపలా గుడిసె, తాజాగా కప్పిన తాటాకుది. ఇప్పుడు తాటాకు కప్పు చూడాలంటే ఈ గుడిసెలన్నా చూడాలి, బీచి పక్క రిసార్టుల్లో సోకు కోసం వేసే గుడిసెలన్నా చూడాలి. గట్టుమీద పెద్దాయన నన్ను గుర్తుపట్టాడు. నేను ఎండు నార అందించానని తిట్టిన మనిషే. రిసార్టు వాళ్లు కూడా పిలుస్తున్నారనీ, డబ్బులు బాగానే ఇస్తున్నారనీ, కాకపోతే ఆకు కింద రేకు వేసి పైపైన కప్పమంటారనీ చెప్పాడు. "అట్లాంటప్పుడు వరస తప్పినా అడిగేవోడు లేడు" అని నవ్వాడు.

అమ్మాయి ఫోన్ తీసి ఆ ఒగిమాచి ఇంటి ఫొటో చూపించింది. ఆయన స్క్రీను మీద వేళ్లు పెట్టి పెద్దది చేసుకుని, చూరు చూశాడు, కొప్పు చూశాడు, లోపల తీసిన ఫొటోలో నల్లగా మెరుస్తున్న వాసాల దగ్గర చాలాసేపు ఆగాడు. ఇంటి నడిమధ్య నేలలో నిప్పుల గుంట ఉంటుందనీ, ఆ పొగకే తాళ్లు గట్టిపడి పురుగు చేరదనీ అమ్మాయి చెప్పబోయింది.

"అది నాకు తెల్సులేమ్మా" అన్నాడు. "పొయ్యి వెలక్కపోతే ఏ కప్పయినా చెదలు తినేస్తది. ఇంతకీ, ఇన్ని ఇళ్లుండాయే, ఇప్పుడు రోజూ పొయ్యి ఎవురు రాజేస్తా ఉండారు?"