తెగిన తీగ ఎవరికి వినిపించింది?

పోయిన ఆదివారం కోరుట్లలో ఒక పెళ్లి రిసెప్షన్‌కు పోయాను. ఆర్కెస్ట్రా వాళ్లు ‘చురాలియా’ ఎత్తుకున్నారు. పాట సగంలో గిటార్ వాయిస్తున్న కుర్రాడి తీగ తెగింది. తెగింది సన్న తీగ, అన్నిటికన్నా కింద ఉండేది. వేలాడుతున్న కొసను చేత్తో పట్టుకుని అతను కీబోర్డు మీదున్న మనిషి వైపు చూశాడు. ఆయన కానివ్వమన్నట్టు తలాడించాడు. చెయ్యి ఆగింది గానీ స్పీకర్లలో గిటార్ ఆగలేదు. ఒక్క స్వరం తప్పిపోకుండా, ఏమీ జరగనట్టు మోగుతూనే ఉంది. పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ నడుస్తోంది మరి. హాలు నిండా జనం. ఒక్కరూ తల తిప్పలేదు.

కాసేపటికి అదే కుర్రాడు ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని, రెండు చేతుల వేళ్లతోనూ మెడ మీదే తీగలను తడుతూ సరసరా ఒక బిట్టు వాయించాడు. అప్పుడు మాత్రం ఈలలు మోగాయి. ఫోన్లు పైకి లేచాయి. నాకు ఒళ్లు మండింది.

ఈ కాలమ్‌ను మొదటి నుంచీ చదువుతున్నవాళ్లకు నా పాత పట్టుదలలు తెలుసు. బరాత్‌లో డీజే పెట్టెలు వచ్చి బ్యాండుమేళం క్లారినెట్ నోరు మూయించాయన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. వాయిద్యం పాటకు కింద ఉండాలి తప్ప పాట నెత్తినెక్కి కూర్చోకూడదన్నది కూడా మీరు నా దగ్గర చాలాసార్లు విన్న మాటే. కాబట్టి ఆ రాత్రి నా మనసు పోయిన దారి ఊహించగలరు. జనానికి పాట కావాలి, తమాషా కావాలి. ఏ వేలు ఏ తీగను ఎలా మీటిందన్నది వాయించేవాడి సొంత గొడవ.

తీగ తెగకముందు ఆ పిల్లవాడు చేస్తున్నది ఏమంత తేలిక పని కాదు. ఎడమ చూపుడు వేలిని అడ్డంగా పరిచి ఆరు తీగలనూ ఒకే మెట్టు దగ్గర అదిమి పట్టాలి. ఆ వేలు ఎక్కడ కొంచెం సడలినా ఒక తీగ మూగబోతుంది, లేదా గరగరలాడుతుంది. అలా అదిమి ఉంచుతూనే మిగతా మూడు వేళ్లను ఒక చోటి నుంచి మరో చోటికి మార్చాలి. కుడి చేతి బొటనవేలు లావు తీగల మీద నడక చూసుకుంటుంటే, పక్క వేళ్లు సన్న తీగలను ఒక్కొక్కటే విడిగా పలికించాలి. ఇనుప తీగలు కోసి కోసి వేలి కొసలు కాయలు కాస్తే తప్ప ఆ స్వరం శుభ్రంగా రాదు.

అసలు పాట సంగతి చూడండి. 1973లో వచ్చిన ‘యాదోం కీ బారాత్’లోది. గ్లాసు మీద చెంచా తగిలిన చప్పుడు, వెంటనే గిటార్. జగిత్యాల బస్టాండులో ఎవరిని నిలబెట్టి వినిపించినా గుర్తుపడతారు. ఆ గిటార్ వాయించింది భూపిందర్ సింగ్ అని ఎందరికి తెలుసు? ఆయన గజల్స్ విన్నవాళ్లకే తెలియదు. ఇళయరాజా ‘ఇళయ నిలా’ 1982లో తమిళంలో వచ్చింది. మరుసటి ఏడాదికే ‘నీలే నీలే అంబర్ పర్’ అయి హిందీకి పోయింది. గిటార్ నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ ఆ ఆరంభం వాయించడానికి వేళ్లు అరగదీసుకుంటారు. వాయించిన ఆర్. చంద్రశేఖర్ పేరు గిటారిస్టుల నోళ్లలో తప్ప బయట వినబడదు. జనం చెవికి స్వరం చేరుతుంది, చెయ్యి చేరదు. లోకం తీరే ఇంత అనుకుని భోజనానికి లేచాను.

పక్కన సిరిసిల్ల నుంచి వచ్చిన మా బావ కూర్చున్నాడు. చిన్నప్పుడే భీవండి పోయి మరమగ్గాల మీద, అంటే మా వైపు మాటలో సాంచాల మీద, పని నేర్చి, తిరిగొచ్చి సొంతంగా కార్ఖానా పెట్టుకున్న ఆసామి. ఆయన కార్ఖానాలో మనం అరిచి చెప్పినా పక్క మనిషికి వినబడదు. అలాంటి చోట ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, అగో రెండో వరసల సాంచా తేడ కొడుతుంది, నాడె సక్కగ పోతలేదు అని చెప్పడం నేను కళ్లారా చూశాను. పనివాడు పోయి చూస్తే నిజమే.

“తీగ తెగింది చూసినవా బావా?” అన్నాను.

“ఏం తీగ?”

“గిటార్‌ది.”

“మోగుతనే ఉండె గదా!”

సాంచాల మోతలో నాడె తేడా పట్టినోడివి, ఇంత చిన్న హాలులో ఇది పట్టలేకపోయినవా అన్నాను. ఆయన అన్నం కలుపుకుంటూనే అన్నాడు: “సాంచాల సప్పుడు పొద్దందాక ఇంటనే ఉంట బావా. గిటార్‌ను దగ్గర కూసోని ఎన్నడన్న ఇన్ననా? నాకు ఎవ్వలు ఇనిపిచ్చిన్రు, నువ్వే చెప్పు.”

ఈ మాటతో నాకు ఒగ్గుకథ రాత్రులు గుర్తుకొచ్చాయి. మా చిన్నతనంలో వేములవాడ పక్క పల్లెలో మా మేనత్త ఇంటికి పోయేవాళ్లం. ఆ పక్కనే హనుమాజీపేట. సి. నారాయణరెడ్డిగారు పుట్టిన ఊరు, ఒగ్గుకథను దేశం దాటించి వినిపించిన మిద్దె రాములు ఊరు కూడా అదే. సినారె పసితనంలో ఆ ఊళ్లలో తిరిగిన హరికథలు, జంగం కథలు, జానపదాలు విని పెరిగినవారు. ‘విశ్వంభర’కు 1988 జ్ఞానపీఠం అందుకున్న కవి చెవి తయారైంది ఆ చీకటి రాత్రుల్లోనే.

కురుమల ఇంటి ముందర పందిరి. రంగుల పిండితో పట్నం వేసి, దీపం పెట్టి, మల్లన్న కథ మొదలుపెట్టేవాళ్లు. నడుమ కథకుడు, పక్కన వంతలు, డోలు, తాళాలు, నపీర. కథకుడు ఒక నిమిషం మల్లన్న, మరో నిమిషం గొల్ల కేతమ్మ. భుజం మీది బట్టే కొంగవుతుంది, అదే కట్టె అవుతుంది, అదే చంకలో బిడ్డ అవుతుంది. జనం తెల్లవార్లూ కూర్చునేవాళ్లు. వాళ్లకు కథ ముందే తెలుసు. ఎవరు ఎవరిని పెళ్లాడతారో, ఎక్కడ ఏడవాలో అన్నీ తెలుసు. ఇక వాళ్లు వినేది ఏమిటి? కథకుడు ఎలా చెబుతున్నాడన్నదే.

ఒక రాత్రి సంగతి చెబుతాను. కథ మంచి పట్టులో ఉంది. వెనక గొంగడి కప్పుకుని పడుకున్నట్టున్న ఒక ముసలాయన తల కూడా ఎత్తకుండా, “డోలు మెత్తబడ్డదిరా, గుంజి కట్టు” అన్నాడు. నాకైతే ఏ తేడా తెలియలేదు. చిన్న పిల్లవాణ్ని. కథకుడు మాత్రం మాట ఆపేశాడు. డోలు వాయించేవాడు ఒడిలోకి తీసుకుని తాళ్లు బిగించి, పుల్లతో ఒకసారి, అరచేత్తో ఒకసారి కొట్టి చూసుకున్నాడు. మళ్లీ బిగించాడు. జనమంతా చుట్టలు ముట్టించుకుని ఆగారు. ఎవరూ విసుక్కోలేదు. మూడోసారి కొట్టినప్పుడు ముసలాయన, “ఆ, గట్ల” అన్నాడు. అప్పుడు కథ నడిచింది.

ఆ ముసలాయన సంగీతం చదువుకున్నవాడు కాదు, గొర్రెలు కాసుకునేవాడు. కానీ పుట్టినప్పటి నుంచి పెళ్లికీ చావుకీ పండక్కీ అదే డోలు, చేతికందేంత దూరంలో, మధ్యలో ఏ యంత్రమూ లేకుండా విన్నాడు. పనితనం గురించి పట్టించుకోవాలా వద్దా అని ఆయన ఎన్నడూ ఆలోచించి ఉండడు. చెడితే చెవికి గుచ్చుకుంటుంది, అంతే.

కచేరీ సభల్లోనూ ఇదే లెక్క. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తొమ్మిదేళ్ల వయసులో, 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మాండొలిన్ పట్టుకుని కూర్చున్నాడు. అది మెట్లున్న పాశ్చాత్య వాద్యం. ఒక స్వరం నుంచి మరో స్వరానికి ఊగుతూ, జారుతూ పోవలసిన గమకానికి ఆ మెట్లే అడ్డం. నాలుగు జంటలుగా ఉండే ఎనిమిది తీగలను తీసేసి అయిదు ఒంటి తీగలు బిగించి, ఎలక్ట్రిక్ మాండొలిన్ చేసుకుని ఆ బాలుడు దారి వెతుక్కున్నాడు. శక్తి బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ అదే సమస్యకు గిటార్ మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిపించుకుని, తీగను లోపలికి నొక్కి స్వరాన్ని వంచాడు. సభలో కూర్చున్నవాళ్లలో ఈ తీగల లెక్క ఎందరికి తెలుసు? తెలియనక్కర్లేదు. తోడి రాగంలో గాంధారం ఎలా ఊగాలో వాళ్ల చెవులకు తెలుసు. ఆ పిల్లవాడి చేతిలో అది ఊగింది. అందుకే తల ఊపారు. చిట్టిబాబు వీణ మీద కోయిలను పలికించినప్పుడు వీణ ముఖం చూడనివాళ్లు కూడా చెవి ఒగ్గారు, ఎందుకంటే కోయిల అందరూ విన్నదే.

ఇప్పుడు కోరుట్ల హాలుకు వస్తాను. అక్కడి జనం పనితనాన్ని పట్టించుకోలేదని తీర్పు చెప్పేముందు, వాళ్ల చెవిదాకా పనితనం వచ్చిందా అని అడగాలి. రాలేదు. స్పీకర్లలో వస్తున్నది స్టూడియోలో ఎప్పుడో తయారైన గిటార్. ఆ పిల్లవాడి గిటార్ దాని కింద ఎక్కడో నలిగిపోయింది. రెంటిలో ఏది ఎవరిదో మా బావకు కాదు, మెక్‌లాఫ్లిన్‌కైనా తెలియదు. కళ్ల ముందు మనిషి, చెవిలో యంత్రం. ఇట్లా ఏళ్ల తరబడి వింటే మనుషులు చేతుల వైపు చూడటం మానేస్తారు. చూసి లాభం లేదని అనుభవం నేర్పింది కాబట్టి.

ఇక ఆ ఈలలు. ఆ బిట్టు వాయించేటప్పుడు ట్రాక్ ఆపేశారు. ఆ రాత్రి మొత్తంలో, స్పీకర్లో వినబడే స్వరం ఆ వేళ్ల నుంచే పుడుతోందని జనానికి నమ్మకం కలిగిన సమయం అదొక్కటే. వేలు తట్టింది, స్వరం పలికింది. కంటికీ చెవికీ లెక్క కుదిరింది. ఈల వేశారు. నాకు ఆ బిట్టు ఇప్పటికీ నచ్చలేదు, వేగం తప్ప అందులో ఏమీ లేదు. కానీ ఆ ఈల తమాషాకు కాదు, పనితనానికే పడింది. ఇన్ని ట్రాకులు విన్న తర్వాత కూడా మన జనం చేతి పనిని గుర్తుపట్టడానికి ఆ మాత్రం సందు దొరికితే చాలని ఎదురుచూస్తున్నారు. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర 2021లో ఒక్క సినిమా పాట మొదట్లో, పక్కన ఏ హంగామా లేకుండా విడిగా వినబడేసరికి రాష్ట్రమంతా ఆయన ఎవరని వెతికింది. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది.

ట్రాక్ పాపమంతా ఆర్కెస్ట్రా వాళ్ల మీదే వేయలేం. సినిమాలో యాభై మంది వాయించిన పాటను నలుగురితో వాయించమని, అది కూడా సినిమాలో లాగే ఉండాలని, రేటు మాత్రం తగ్గించమని బేరమాడేది మనమే. వాళ్లు పెన్‌డ్రైవ్ గుచ్చక ఏం చేస్తారు?

దసరా పోగానే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఫంక్షన్ హాళ్లకు బయానాలు మొదలవుతాయి. ఆర్కెస్ట్రాకు బయానా ఇచ్చేటప్పుడు ఒక్క షరతు పెట్టండి. ట్రాక్ లేకుండా రెండు పాటలు. కుర్చీ వేసి గిటార్ పిల్లవాణ్ని ముందు కూర్చోబెట్టండి, పెద్ద స్పీకర్ల వాల్యూమ్ సగానికి దించమనండి, పాడేది ఒక్కరే ఉండనివ్వండి. ఏ పాటైనా ఫరవాలేదు. తప్పు పోతే పోనివ్వండి. ఇంకో మనిషి కావాలి, అదనంగా ఇవ్వాలి అని వాళ్లంటే ఇవ్వండి. భోజనాల దగ్గర ఒక ఐస్‌క్రీమ్ స్టాలు తగ్గిస్తే ఆ డబ్బులు సరిపోతాయి.