నడిచే హక్కు ఎవరిది? – గయానా యాత్రా రచనలపై ఒక మాట

వీపున సంచీ తగిలించుకుని, తక్కువ డబ్బుల్తో దక్షిణ అమెరికాలోని గయానా తిరిగొచ్చినవాళ్ల రచనలు దాదాపు ఒకే దారిన నడుస్తాయి: జార్జ్‌టౌన్‌లో మినీబస్సు, లెథెం దాకా ఎర్రమట్టి రోడ్డు, కురుపుకారి దగ్గర పంటు మీద ఎస్సెకిబో దాటడం, రాత్రికి ఊయలలో నిద్ర. ఖర్చు పైసాతో సహా రాస్తారు. అక్కడి శ్రమ లెక్క మాత్రం రాయరు.

నదుల దేశమని మురుస్తారు సరే, ఆ నీళ్లకు కట్టలేసిందెవరు? సముద్ర మట్టానికి దిగువనున్న తీరాన్ని చెరకు నేల చేయడానికి ఆఫ్రికన్ బానిసలు 10 కోట్ల టన్నుల మట్టిని పారలతో ఎత్తారని వాల్టర్ రాడ్నీ గుర్తుచేశాడు. 1980లో ఆయన్ని చంపేశారు. ఆ గ్రంథం 1981లో వచ్చింది.

బానిసల తర్వాత, 1838-1917 మధ్య సుమారు 2,39,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లలో అంటరాని కులాలోళ్లూ, తెలుగోళ్లూ ఉన్నారు. అక్కడ అందరికీ ఒకటే పేరు: మద్రాసీ. తోట దాటిపోవాలంటే దొర చీటీ ఉండాలి. లేకుంటే శిక్షే.

ఇక్కడా అంతే కదా. గుడి చుట్టూ రోడ్ల మీద నడవడానికే 1924లో వైకోంలో సత్యాగ్రహం చేయాల్సొచ్చింది. అందుకే తిరగడాన్ని మేం తప్పుపట్టడం లేదు. మన పిల్లలూ తిరగాలి, రాయాలి. కాకపోతే ఖర్చుల పట్టీ పక్కనే, ఆ దారి వేసినవాళ్ల పేరు కూడా రాయాలంటున్నాం.