ఆ మాటకు ఆధారం ఏమిటి?

1950ల చివర్లో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు తన రోగుల కలలను సేకరించి పరిశీలించడం మొదలుపెట్టాడు. ఆయన ఫ్రాయిడ్ సంప్రదాయంలో శిక్షణ పొందినవాడు. ఆ సంప్రదాయం చెప్పేది నిజమని అందరూ ఒప్పుకునేలా రుజువు చెయ్యాలన్నదే ఆయన కోరిక. మనకు దగ్గరైనవారి మీద ఉన్న కోపం బయటికి దారిలేక మన మీదికే తిరుగుతుందని, విషాదంలో కూరుకుపోవడానికి మూలం అదేనని ఫ్రాయిడ్ 1917లో రాశాడు. అలాగైతే కుంగిపోయినవాళ్ల కలల్లో కోపం, పగ కనబడాలి కదా. బెక్‌కి అవి కనబడలేదు. కలలో కూడా ఆ మనుషులు ఓడిపోతున్నారు, పోగొట్టుకుంటున్నారు, ఎవరికీ అక్కర్లేనివాళ్లుగా మిగిలిపోతున్నారు.

బాధపడటమే వాళ్ల లోలోపలి కోరికేమో అనే వాదం ఇంకా మిగిలే ఉంది. దాన్నీ ఆయన పరీక్షకు పెట్టాడు. చిన్న చిన్న పనులిచ్చి, అందులో గెలిచామనిపించేలా చేస్తే ఆ రోగుల్లో హుషారు పెరిగింది, తమ మీద నమ్మకమూ పెరిగింది. బాధే కావాలనుకునే మనిషి గెలుపుకి అలా స్పందించడు. మరి కలలో, మెలకువలో ఒకే ఓటమి ఎందుకు? తనను తాను ఓడినవాడిగా చూసుకుంటున్నాడు కాబట్టి. బెక్ చేరిన చోటు ఇంత మామూలుగా కనిపిస్తుంది. కానీ రోగి మాట వెనక ఏం దాగి ఉందో తవ్వడం మానేసి, ఆ మాటనే శ్రద్ధగా వినడం ఆనాటి వైద్యానికి పెద్ద మలుపు.

బెక్ తర్వాతి కాలంలో పలుమార్లు చెప్పిన సంగతి ఒకటుంది. ఒకామె తన ప్రేమ వ్యవహారాల గురించి చెబుతూ చాలా కంగారుపడుతోంది. ఆ విషయాలు బయటపెట్టడం వల్లే ఈ కంగారు అని ఆయన శాస్త్రప్రకారం వివరించాడు. ఆమెను తరచి అడిగితే అసలు సంగతి తెలిసింది. మాట్లాడుతున్నంతసేపూ, ఈయనకు విసుగు పుట్టిస్తున్నానేమో అనే ఆలోచన ఆమె మనసులో నడుస్తూనే ఉంది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఇలా పిలవకుండానే వచ్చి, మెరుపులా మెదిలి, మనసును ముంచేసి పోయే ఆలోచనల చుట్టూనే బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ అనే చికిత్స పెరిగింది. దాదాపు అదే కాలంలో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే మనస్తత్వవేత్త మరో దారిలో ఇలాంటి చోటికే చేరుకున్నాడు.

కుంగిపోయినవారి ఆలోచనలు మూడు వైపులకు పోతాయని బెక్ గమనించాడు. తన గురించి: నావల్ల ఏదీ కాదు. లోకం గురించి: నేనెవరికీ అక్కర్లేదు. రేపటి గురించి: ఇక ఇంతే, ఏదీ మారదు. 1961లో ఆయన సహచరులతో కలిసి తయారుచేసిన 21 అంశాల ప్రశ్నావళితో కుంగుబాటు తీవ్రతను అంకెల్లో చూసే వీలు కలిగింది. దాన్ని నేటికీ వాడుతున్నారు.

ఇక వైద్యం ఎలా నడుస్తుందో చూద్దాం. ఊహించి చెబుతున్న ఉదాహరణే ఇది. ఒక హైస్కూలు మాస్టారు. నెలల తరబడి నిద్రలేదు, తిండి సయించదు, బడికి పోబుద్ధి కాదు. థెరపిస్ట్ ముందు కూర్చుని, "నేను పాఠం చెప్పడానికి పనికిరాను మేడమ్" అన్నారు. "అలా అనకండి మాస్టారూ, మీరు బాగా చెబుతారు" అని ఆమె ఓదార్చదు. ఆయన పాఠం ఆమె ఎప్పుడూ విననేలేదు కదా.

"ఈ ఆలోచన చివరిసారి ఎప్పుడు వచ్చింది?"

"నిన్న పొద్దున. నా క్లాసులో నలుగురు లెక్కల్లో తప్పారు."

"క్లాసులో ఎంతమంది పిల్లలు?"

"ముప్ఫై ఎనిమిది."

"ఆ నలుగురూ మిగతా సబ్జెక్టులు పాసయ్యారా?"

ఆయన కాసేపు ఆలోచించారు. "ఇద్దరు అన్నిట్లోనూ తప్పారు. ఒకడు అసలు బడికే రాడు, పనికి పోతాడు."

"బడికి రాని పిల్లవాడు తప్పితే ఆ తప్పు ఎవరి లెక్కలో వేద్దాం మాస్టారూ?"

ఆమె ఏమీ తేల్చి చెప్పలేదు. అడిగిందంతే. ఆయన కాగితం మీద గళ్లు గీస్తారు: ఏం జరిగింది, ఏ ఆలోచన వచ్చింది, ఎంత బాధ కలిగింది, ఆ ఆలోచనను నూటికి ఎంత నమ్ముతున్నారు, దానికి ఆధారాలేమిటి, వ్యతిరేకంగా ఉన్నవేమిటి, రెండూ చూశాక ఇప్పుడెంత నమ్ముతున్నారు. తొంభై దగ్గరున్న నమ్మకం అరవైకి దిగితే ఆ రోజుకి చాలు. సున్నాకి దింపాలని ఎవరూ అడగరు. మిగతాది వారం మధ్యలో చేసే పని. స్టాఫ్‌రూమ్‌లో అందరూ తనను తప్పించుకు తిరుగుతున్నారని ఆయనకు అనిపిస్తే, ఇద్దరిని టీకి పిలిచి చూడమంటుంది. ఏం జరగవచ్చో ముందే రాసుకోవాలి, ఏం జరిగిందో తర్వాత రాయాలి. వచ్చేవారం ఇద్దరూ కలిసి చదువుతారు. బెక్ ఈ పద్ధతిని రోగి, వైద్యుడు కలిసి చేసే పరిశోధనగా చూశాడు.

డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు మన ఇళ్లలో దొరికే సలహా ఏమిటో అందరికీ తెలుసు. ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు, నీకేం తక్కువ. ప్రేమతో చెప్పినా ఆ మాట వినేవాళ్లను మరింత ఒంటరి చేస్తుంది. నువ్వు చెప్పేది నేను వినను అని దాని అర్థం. కాగ్నిటివ్ థెరపీని కూడా ఇదే కోవలో వేసేవాళ్లున్నారు. అది పొరపాటు. ఇది మంచి ఆలోచనను తెచ్చి నెత్తిన రుద్దదు. చేదు ఆలోచననే ఎదురుగా కూర్చోబెట్టి, సాక్షిని ప్రశ్నించినట్టు, నీకెలా తెలుసు అని అడుగుతుంది. సాక్ష్యం నిలబడవచ్చు కూడా.

నిలబడితే? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. పంట పోయి, అప్పు మిగిలిన రైతుకి వచ్చే ఆలోచనలన్నీ భ్రమలు కావు. అప్పు నిజం, వడ్డీ నిజం. కానీ "అప్పు తీర్చలేకపోతున్నాను" అనే మాటకీ, "నేను లేకపోతేనే ఇంటివాళ్లకు మేలు" అనే మాటకీ మధ్య చాలా దూరం ఉంది. కుంగుబాటు ఆ దూరాన్ని ఒక్క గెంతులో దాటిస్తుంది. మొదటి మాటకి కావలసింది డబ్బు, ప్రభుత్వ సాయం, ఎవరితో మాట్లాడి గడువు తెచ్చుకోవచ్చో ఆలోచించడం. థెరపీ వాటికి బదులు కాదు. రెండో మాటకి మాత్రం ఆధారం అడిగి తీరాలి, అదీ వెంటనే.

ఈ వైద్యం తనకు తానూ ఇదే ప్రశ్న వేసుకుంది. 1977లో బెక్ బృందం 41 మంది రోగుల మీద 12 వారాలు దీన్ని ఇమిప్రమీన్ మందుతో పోల్చి చూసింది. ఫలితం థెరపీ వైపే మొగ్గింది. 2005లో 240 మందితో వచ్చిన పెద్ద అధ్యయనంలో 16 వారాలకు థెరపీ, మరో మందు సమానంగా పనిచేశాయి. తేడా ఆ తర్వాతి ఏడాదిలో బయటపడింది. కోలుకున్నాక మందు ఆపేసినవాళ్లలో 76 శాతం మందికి జబ్బు తిరగబెడితే, థెరపీ ముగించినవాళ్లలో 31 శాతం మందికే తిరగబెట్టింది. మందు మానితే దాని పని ఆగుతుంది. ప్రశ్నించడం నేర్చుకున్న మనిషికి ఆ నేర్పు మిగిలే ఉంటుంది. నాకు అర్థమైనంతలో తేడా అక్కడే ఉంది.

1996లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నీల్ జాకబ్సన్ బృందం ఈ చికిత్సను భాగాలుగా విడదీసి పరీక్షించింది. రోజుకి ఏ పని ఎప్పుడు చెయ్యాలో రాసుకుని, కొంచెం కొంచెంగా మళ్లీ జీవితంలోకి దిగడం అనే భాగం ఒక్కటే మొత్తం చికిత్సతో సమానంగా పనిచేసింది. ఆలోచనల విచారణే ప్రాణమనుకున్నవాళ్లకు ఇది గట్టి దెబ్బ. నేను మాత్రం దీన్ని ఓటమిగా చూడను. "నావల్ల కాదు" అనుకుంటూనే లేచి వీధి చివరిదాకా నడిచి వచ్చిన మనిషి ఆ మాటకు ఎదురు సాక్ష్యం తన కాళ్లతోనే తెచ్చుకున్నట్టు.

ఈ సంప్రదాయం విలువ నాకు అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఫిలడెల్ఫియాకు చాలా దూరంలో, పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో. అక్కడ అతిఫ్ రెహ్మాన్ బృందం కుంగుబాటుతో ఉన్న 903 మంది గర్భిణులతో పనిచేసింది. మానసిక వైద్యులను పంపలేదు. మన ఆశా కార్యకర్తల్లాంటి ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చారు. కాన్పుకు ముందు నెలలో వారానికొకసారి, కాన్పయ్యాక మొదటి నెలలో మూడుసార్లు, తర్వాత నెలకొకసారి ఇంటికి వెళ్లాలి. డిప్రెషన్ అనే పేరు ఎత్తలేదు, బిడ్డ ఆరోగ్యం అన్నారు. అలా అనడంతో కుటుంబం కూడా కలిసొచ్చింది. చదువురాని తల్లుల కోసం బొమ్మలు వాడారు. ఈ ఆలోచన వస్తే తల్లి ఏం చేస్తుంది, బిడ్డకి ఏమవుతుంది, ఇంకోలా ఎలా చూడవచ్చు అని బొమ్మ చూపిస్తూ మాట్లాడారు. బిడ్డలకు ఆరు నెలలు వచ్చేసరికి ఈ సాయం అందిన తల్లుల్లో 23 శాతం మందిలోనే కుంగుబాటు మిగిలింది. మామూలు శిక్షణ ఉన్న కార్యకర్తలు అన్నిసార్లే వెళ్లిన ఇళ్లలో 53 శాతం మందిలో అది అలాగే ఉంది. 2008లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే కరదీపికగా తెచ్చింది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం కూడా వైద్యులు కాని స్థానికులకు శిక్షణనిచ్చి, ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో చేసే చికిత్సతో మేలు చూపించింది.

వైద్యం కోసం వెతికే ఇంటివాళ్లకు ఒకట్రెండు మాటలు. నిద్ర, తిండి పూర్తిగా పోయినా, ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వచ్చినా ముందు సైకియాట్రిస్ట్‌ను కలవాలి. మందు అవసరమైతే వాడాలి, థెరపీ దాంతోపాటే సాగవచ్చు. 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరుకి ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. కాగ్నిటివ్ థెరపీ (సీబీటీ) చేస్తామని చెప్పే కౌన్సెలర్‌ను మొదటి రోజే అడగండి: వారం మధ్యలో ఇంటి దగ్గర మేం ఏం రాయాలి, ఏం చేసి చూడాలి, మెరుగుపడుతున్నామని ఎలా కొలుస్తారు? ఈ మూడింటికీ ఆయన దగ్గర సూటి జవాబు ఉండాలి.