ఏడ్చినవాళ్లూ, అడ్డుకున్నవాళ్లూ

నవల కన్నీళ్లు పెట్టించిందంటే అది నెగ్గినట్టేనని చాలామంది నమ్మకం. ఆ కన్నీళ్లు ఎవరి కోసం, ఎక్కడికి వచ్చి ఆగిపోయాయి అని అడిగేవారు తక్కువ. అమెరికా నల్లజాతి రచయిత్రి ఆంజీ థామస్ 2017లో యువ పాఠకుల కోసం వెలువరించిన 'ద హేట్ యు గివ్' నవలకు వచ్చిన స్పందన చూశాక ఆ ప్రశ్న అడగక తప్పదు.

స్టార్ కార్టర్ పదహారేళ్ల నల్లపిల్ల. ఉండేది గార్డెన్ హైట్స్ అనే నల్లవాళ్ల పేదపేటలో, చదివేది డబ్బున్న తెల్లపిల్లల బడిలో. ఒక రాత్రి ఆమె చిన్ననాటి నేస్తం ఖలీల్ నడుపుతున్న కారును, వెనక లైటు పగిలిందంటూ పోలీసు ఆపుతాడు. స్టార్ ఎలా ఉందో అడగబోయి కారు తలుపు తీసిన ఖలీల్ మూడు తూటాలకు కూలిపోతాడు. పోలీసు తుపాకీ అనుకున్నది తల దువ్వుకునే బ్రష్. సాక్షి స్టార్ ఒక్కతే. చివరికి గ్రాండ్ జ్యూరీ ఆ పోలీసు మీద అభియోగమే అక్కర్లేదని తేలుస్తుంది. 2009లో ఓక్లాండ్ రైలు స్టేషన్లో ఆస్కార్ గ్రాంట్ అనే నల్ల యువకుణ్ణి పోలీసు కాల్చి చంపిన ఘటన, అప్పటికి కాలేజీ విద్యార్థిని అయిన రచయిత్రి మనసులో ఈ కథకు విత్తనం వేసింది.

పాఠకులు ఏడ్చారు. సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' చదివి కుంటా కింటే కోసం ఏడ్చిన మనకు ఈ ఏడుపు కొత్త కాదు. అయితే అక్కడ చట్టబద్ధమైన బానిసత్వం 1865లో ముగిసింది కనుక ఆ దుఃఖంలో కొంత నిశ్చింత ఉంది. ఖలీల్ విషయంలో ఆ వెసులుబాటు లేదు. అందుకే పాఠకుడు మరో నిశ్చింత వెతుక్కుంటాడు. ఖలీల్ మాదకద్రవ్యాలు అమ్మాడన్న వార్తకు మొదట ఉలిక్కిపడతాడు. ముఠా నాయకుడు కింగ్‌కు తల్లి పడిన బాకీ తీర్చడానికే అమ్మాడని తెలియగానే ఊపిరి పీల్చుకుంటాడు. కుర్రాడు మంచివాడే! ఆ ఊపిరిని నేను అనుమానిస్తాను. కొత్త బూట్లు కొనుక్కోవడానికి అమ్మి ఉంటే ఆ మూడు తూటాలు న్యాయమయ్యేవా? చచ్చినవాడు శీలపరీక్షలో నెగ్గితేనే కన్నీళ్లు విడుదల చేసే సానుభూతి ఇది. రచయిత్రి కూడా ఇక్కడ పాఠకుడికి కాస్త లొంగింది.

కానీ ఆ పాఠకుణ్ణి ఆమె ఎరగకపోలేదు. ఖలీల్ పేరు చెప్పి, పాఠాలు ఎగ్గొట్టడానికి 'నిరసన' జరిపే తెల్లపిల్లల్ని నవలలోనే చూపించింది. 1955లో మిసిసిపీలో తెల్లవాళ్లు చంపిన పద్నాలుగేళ్ల ఎమెట్ టిల్ ఫోటో స్టార్ తన బ్లాగులో పెడితే, ఆ బ్లాగు చూడడమే మానేసిన స్నేహితురాలు హేలీని చూపించింది. ఆ హేలీకి జాలి కలిగింది కాల్చిన పోలీసు కుటుంబం మీద. చదివేవాళ్లంతా హేలీని తిట్టుకుంటారు. తమలో ఆమెను చూసుకోవడం కష్టం. ఈ ఇద్దరి మధ్యా మాయా అనే చైనా సంతతి పిల్ల ఉంది. హేలీ ఎగతాళి ఆమెనూ వదల్లేదు. ఆమె చాలాకాలం నవ్వి ఊరుకుంది. అమెరికాలో అలాంటి బళ్లకు పిల్లల్ని పంపే మన తెలుగు కుటుంబాలు నిలిచి చదవాల్సిన పాత్ర నిజానికి మాయా.

కన్నీళ్లు రాని చోట నవల గుండె ఉంది. స్టార్ తండ్రి మావెరిక్ పిల్లలకు బ్లాక్ పాంథర్ల 1966 నాటి పది అంశాల కార్యక్రమం వల్లెవేయించిన మనిషి. ఉద్యోగాలు ఎందుకు లేవు, బళ్లు ఎందుకు అలా ఉన్నాయి, విమానాలు లేని పేటలోకి మాదకద్రవ్యాలు ఎవరు తెస్తున్నారు అని తండ్రీకూతుళ్లు మాట్లాడుకుంటారు. పసిపిల్లల మీద సమాజం చల్లిన ద్వేషం తిరిగి సమాజానికే తగులుతుందన్న గాయకుడు టూపాక్ మాటను, నవల పేరుకు మూలమైనదాన్ని, వాళ్లు విప్పి చూసుకునేది అక్కడే. ఏడ్చిన పాఠకుడు ఆ పేజీలను ఉపన్యాసమనుకొని దాటేస్తాడు.

దాటేయనివాళ్లు అడ్డుకున్నవాళ్లు. 2017లో టెక్సాస్‌లోని కేటీ విద్యామండలి, బూతులున్నాయన్న ఫిర్యాదు మీద, ఈ పుస్తకాన్ని బడి గ్రంథాలయాల నుంచి తీయించింది. అక్కడి విద్యార్థిని ఒకరు సంతకాలు సేకరించి పోరాడితే 2018లో తిరిగి వచ్చింది, తల్లిదండ్రుల అనుమతి కావాలన్న షరతుతో. బూతు అన్నది మర్యాదస్తుల సాకు. 2018లోనే దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ ప్రాంతపు పోలీసు సంఘం ఆ ముసుగు తీసేసింది. ఒక హైస్కూలు వేసవి పఠన జాబితాలో ఈ నవల ఉంటే పిల్లలకు పోలీసుల మీద అపనమ్మకం నూరిపోసినట్టేనని బాహాటంగా అభ్యంతరం చెప్పింది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2020 సంవత్సరానికి ప్రకటించిన 'అత్యధిక అభ్యంతరాల' పది పుస్తకాల్లోనూ పోలీసు వ్యతిరేకత అన్న కారణం దీనికి చేరింది. ఆ చార్లెస్టన్ పక్కనే, నార్త్ చార్లెస్టన్‌లో, 2015 ఏప్రిల్‌లో బ్రేకు లైటు పాడైందని ఆపిన వాల్టర్ స్కాట్ అనే నిరాయుధుణ్ణి పారిపోతుండగా పోలీసు వెనకనుంచి కాల్చి చంపాడు. దారిన పోయే ఒకతను వీడియో తీశాడు కనుక ఆ పోలీసుకు 2017 డిసెంబరులో ఇరవై ఏళ్ల శిక్ష పడింది. నవలలోని స్టార్‌కు ఉన్నది తన నోరు మాత్రమే.

నవలను రాజకీయంగా చదివింది పోలీసు సంఘమే అనుకోవాలి. కానీ ముగింపు దాకా ఓపిగ్గా చదివి ఉంటే వాళ్లకూ కొంత ఊరట దొరికేది. కాల్చిన పోలీసు ఇంటికి వెళ్లిపోతాడు. పేటవాళ్ల సాక్ష్యంతో జైలుకు వెళ్లేది ముఠా నాయకుడు కింగ్. అతన్ని పట్టుకునేదీ పోలీసులే.